పాత ఇల్లు, ఆయిల్ హీటింగ్: గడ్డకట్టే చలిలో వేడి ఆగకుండా చూసుకునే పద్ధతి

మసాచుసెట్స్, కనెక్టికట్, మెయిన్, న్యూయార్క్, న్యూజెర్సీల్లో పాత ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళలో చాలామంది ఆయిల్ ట్యాంకును చూడటం అదే మొదటిసారి. అపార్ట్‌మెంట్లో ఉన్నన్నాళ్ళూ వేడి దానంతటదే వచ్చేది. సొంతింట్లో ఆయిల్ ఎంత ఉందో చూసుకోవడం, వేళకు తెప్పించుకోవడం, దాన్ని కాల్చే యంత్రాన్ని సర్వీసు చేయించడం అన్నీ ఇంటివాళ్ళ పనే.

జనవరి అర్ధరాత్రి ఇల్లు చల్లబడిపోయిందంటే యంత్రం పాడైందనే అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ట్యాంకు అడుగంటడమో, ఆయిల్ చిక్కబడటమో, ఫిల్టరు మూసుకుపోవడమో అయి ఉంటుంది. ఈ మూడూ ముందుగా ఆపగలిగినవే. అందుకే ఇక్కడ మరమ్మతుకంటే ముందస్తు ఏర్పాటు గురించే ఎక్కువ ఉంటుంది.

1. ముందు మీ ఇంట్లో ఏముందో చూసుకోండి

ఒక సాయంత్రం టార్చిలైటు పట్టుకుని బేస్‌మెంట్లోకి దిగండి. ఇంట్లో గాలి గొట్టాల్లోంచి వేడిగాలి వస్తుంటే మీది ఫర్నేస్. గోడల అంచున బేస్‌బోర్డు హీటర్లు గానీ, ఇనుప రేడియేటర్లు గానీ ఉంటే బాయిలర్. రేడియేటరుకు ఒకటే పైపు, పక్కన బుస్సుమనే చిన్న వాల్వు ఉంటే అది ఆవిరితో నడిచే స్టీమ్ బాయిలర్. ఏ సలహా అయినా ఈ తేడా తెలిశాకే పనికొస్తుంది.

తర్వాత ట్యాంకు దగ్గర మొదలుపెట్టి రాగి గొట్టం వెంట, ఆయిల్‌ను మండించే బర్నరు దాకా వెళ్ళండి. దారిలో కనిపించే ప్రతిదాన్నీ ఫొటో తీసి, చీటీ అంటించండి:

- ట్యాంకు అడుగున ఉండే షటాఫ్ వాల్వు
- ఆయిల్ ఫిల్టరు డబ్బా
- బర్నరు పక్కన పంపు, దానిమీద గాలి బయటికి తీసే బ్లీడర్ అనే చిన్న నట్టు
- ఎర్ర రీసెట్ బటను ఉన్న కంట్రోల్ బాక్సు
- ఎర్ర ప్లేటున్న ఎమర్జెన్సీ స్విచ్చి. బేస్‌మెంట్ మెట్ల పైన ఒకటి, యంత్రం దగ్గర ఒకటి ఉండటం మామూలు
- ఇంటి బయట ఆయిల్ పోసే ఫిల్ పైపు, పక్కనే గాలి పోయే వెంట్ పైపు

మెట్ల పైనున్న ఎర్ర స్విచ్చిని లైటు స్విచ్చి అనుకుని ఆపేయడం చాలా ఇళ్ళలో జరిగేదే. ఇంటికొచ్చే చుట్టాలకు, పిల్లలకు దాన్ని చూపించి ఉంచండి.

ఇంకోటి. ఇంతకుముందు ట్యాంకు తీసేసిన ఇల్లయితే, బయట పాత ఫిల్ పైపు ఇంకా ఉందేమో చూడండి. అడ్రసు పొరబడి వచ్చిన ట్రక్కు డ్రైవరు అందులో ఆయిల్ పోస్తే, అదంతా నేరుగా బేస్‌మెంట్ నేలమీదికే వస్తుంది. ఆ పైపును మూత బిగించి వదిలేయకుండా పూర్తిగా తీయించాలి. న్యూజెర్సీలో పాత ఇల్లు కొనేవాళ్ళు పెరట్లో మట్టికింద ట్యాంకు ఉందేమో కొనకముందే తనిఖీ చేయించుకోవాలి. కారిన ట్యాంకు కింద మట్టిని శుభ్రం చేయించే ఖర్చు చాలా పెద్దది.

2. రోజుకు ఎంత కాలుతుందో లెక్క కట్టండి

ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది 275 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 1,040 లీటర్లు. పైన కొంత ఖాళీ వదలాలి కాబట్టి అందులో పట్టేది 250 గ్యాలన్ల దగ్గరే. పైనున్న గేజిలో ఎర్ర బిళ్ళ పావు గీత దగ్గరుంటే మిగిలింది దాదాపు 65–70 గ్యాలన్లు. అడుగున బురద, నీరు ఉంటాయి గనక చివరి కొన్ని గ్యాలన్లను లెక్కలోకి తీసుకోకండి.

పాత గేజిలు ఇరుక్కుపోతుంటాయి. ఆయిల్ పోయించిన ప్రతిసారీ రసీదులో ఉన్న గ్యాలన్లకు సరిపడా బిళ్ళ లేచిందా లేదా పోల్చి చూడండి.

ఇక అసలు లెక్క. ఆ రోజు సగటు ఉష్ణోగ్రతను 65 ఫారెన్‌హీట్ నుంచి తీసేస్తే వచ్చేది ఆ రోజు డిగ్రీ-డే. సగటు 15 డిగ్రీలుంటే 50 డిగ్రీ-డేలు. రెండు డెలివరీల మధ్య రోజులన్నిటి డిగ్రీ-డేలు కూడి, రెండోసారి ట్యాంకు నిండటానికి పట్టిన గ్యాలన్లతో భాగించండి. ఉదాహరణకు 750 డిగ్రీ-డేలు, 150 గ్యాలన్లు అయితే 5 వస్తుంది. అంటే మీ ఇల్లు 5 డిగ్రీ-డేలకు ఒక గ్యాలను తాగుతుంది. సగటు 15 డిగ్రీలున్న రోజున 10 గ్యాలన్లు పోతాయి. పావు ట్యాంకుతో వారం గడుస్తుందనుకుంటాం గానీ, అడుగు ఆయిల్ వదిలేస్తే నమ్మదగ్గవి ఐదు రోజులే. ఇదే ఆయిల్‌తో నీళ్ళు కూడా కాగుతుంటే లెక్క ఇంకొంచెం పెరుగుతుంది.

బర్నరులో ఆయిల్‌ను తుంపరగా చల్లే నాజిల్ మీద రాసిన అంకెతోనూ అంచనా వేయొచ్చు. 0.85 అంటే 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడిలో గంటకు 0.85 గ్యాలను. పంపు 140 పీఎస్‌ఐకి పెట్టి ఉంటే అదే నాజిల్ గంటకు ఒక గ్యాలను చల్లుతుంది. బర్నరు రోజులో ఎన్ని గంటలు మండిందో చూసి గుణించుకుంటే చాలు.

3. సెప్టెంబరులోనే చేయించాల్సిన సర్వీసు

చలి మొదలయ్యాక టెక్నీషియన్లు దొరకరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పిలిస్తే తీరికగా చేస్తారు. బర్నరు శబ్దం విని, ఫిల్టరు మార్చి, ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోతే అది సర్వీసు కాదు. ఇవన్నీ జరగాలి:

- నాజిల్, ఆయిల్ ఫిల్టరు, పంపు లోపలి జల్లెడ మార్చడం లేదా శుభ్రం చేయడం
- నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రోడ్ల ఎడం కొలిచి సరిచేయడం
- మంటను కనిపెట్టే క్యాడ్ సెల్‌ను తుడవడం
- హీట్ ఎక్స్ఛేంజరులో, పొగ గొట్టంలో మసిని బ్రష్షుతో, వాక్యూమ్‌తో తీయడం
- ఇటుక చిమ్నీ లోపలి లైనరు, అడుగున రాలిన ముక్కలు చూడటం
- చివర్లో పరికరంతో పొగ పరీక్ష: కాగితం మీద పడే మసి చుక్క 0 లేదా లీలగా, కార్బన్ డయాక్సైడ్ 11–12.5 శాతం మధ్య, దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్, డ్రాఫ్ట్ (చిమ్నీ పొగను లాగే బలం) కొలతలు

ఆ కొలతల చీటీ అడిగి తీసుకుని యంత్రం పక్కనే వేలాడదీయండి. వచ్చే ఏడాది వచ్చినవాళ్ళకు ఏం మారిందో వెంటనే తెలుస్తుంది.

ఫర్నేస్ అయితే గాలి ఫిల్టరు చలికాలంలో నెలకోసారి చూడండి. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

4. ఆయిల్ తెప్పించడం

రెండు పద్ధతులున్నాయి. ఆటోమేటిక్ డెలివరీలో కంపెనీయే డిగ్రీ-డేలు లెక్కేసుకుని వచ్చి నింపుతుంది. ఫోన్ చేసి తెప్పించుకునే పద్ధతిలో ధర తక్కువ, బాధ్యత మీది. మొదటి చలికాలం ఆటోమేటిక్‌లో ఉండటమే మంచిది. ఇంటి వాడకం అర్థమయ్యాక మారొచ్చు.

ఫోన్ చేసే పద్ధతిలో మామూలు రోజుల్లో పావుకు దిగాక, జనవరి–ఫిబ్రవరిల్లో పావుకూ సగానికీ మధ్య ఉండగానే ఆర్డరు పెట్టండి. మంచు తుపాను ముందు అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. చాలా కంపెనీలు 100 లేదా 150 గ్యాలన్లకు తక్కువైతే రావు. అర్ధరాత్రి పిలిస్తే అదనపు రుసుము వేస్తాయి.

డెలివరీ రోజున:

- రోడ్డు నుంచి ఫిల్ పైపు దాకా మంచు తవ్వి దారి చేయండి. మంచులో కూరుకుపోయిన వెంట్ పైపునూ బయటికి తీయండి
- ఆయిల్ పోస్తున్నంతసేపు వెంట్ దగ్గర ఈల వినిపించాలి, నిండగానే ఆగిపోవాలి. ఈల రాకపోతే డ్రైవరు పోయకూడదు, అది బాగుచేయించాలి
- ట్యాంకు బాగా దిగిపోయి ఉంటే పోయకముందు బర్నరు ఆపి, పోశాక గంటసేపు ఆగి వేయండి; లేచిన బురద అడుగుకు చేరుతుంది

5. ట్యాంకు ఇంటి బయట ఉంటే

ఈ భాగం బేస్‌మెంట్లో ట్యాంకున్నవాళ్ళకు అక్కర్లేదు. బయట ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా చదవాలి.

ఇళ్ళలో వాడేది నంబర్ 2 హీటింగ్ ఆయిల్. అందులో సహజంగానే మైనం ఉంటుంది. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది. నీరు గడ్డకట్టే 32 డిగ్రీలకు దిగువన మసకబారడం మొదలై, 15–20 డిగ్రీల దగ్గర కదలనంత చిక్కబడొచ్చు. మొదట మూసుకుపోయేది ట్యాంకు కాదు, బయట బిగించిన ఫిల్టరు, సన్నటి గొట్టం. గేజి సగం చూపిస్తున్నా బర్నరు ఆగిపోయేది ఇందుకే.

ముందు జాగ్రత్త ఇలా. నవంబరు చివరి నుంచి ప్రతి ఆర్డరులోనూ కె-1 కిరోసిన్ కలిపి పంపమనండి. ఓ మాదిరి చలికి మూడో వంతు, సున్నా ఫారెన్‌హీట్ దగ్గరికి వెళ్ళే చోట సగానికి సగం. కిరోసిన్‌కు ధర ఎక్కువ, గ్యాలనుకు వేడి కాస్త తక్కువ. అయినా గడ్డకట్టిన గొట్టంతో పోలిస్తే అదే చవక. వీలైతే ఫిల్టరును ఇంటి లోపలికి మార్పించండి. బయటున్న గొట్టం అర అంగుళందైతే ఇంకా మేలు.

సీసాల్లో అమ్మే మందులు ముందే, ఆయిల్ వెచ్చగా ఉండగా పోస్తేనే పనిచేస్తాయి. ఒకసారి మైనం కట్టాక అవి దాన్ని కరిగించలేవు.

ఇప్పటికే గడ్డకట్టి ఉంటే బర్నరు ఆపండి. ఫిల్టరు డబ్బాను, గొట్టాన్ని హెయిర్ డ్రయ్యరుతో నెమ్మదిగా వెచ్చబెట్టండి. మంట, బ్లోటార్చి దగ్గరికి రానివ్వకండి. 5–10 గ్యాలన్ల కిరోసిన్ ట్యాంకులో పోసి, ఫిల్టరు మార్పించి, అప్పుడు మళ్ళీ నడపాలి.

6. చలి ముదిరినప్పుడు రోజువారీ నడక

పగలు 68 డిగ్రీలు చాలామందికి సరిపోతుంది, అంటే 20 సెల్సియస్. రాత్రి తగ్గించుకోవచ్చు గానీ, సున్నా ఫారెన్‌హీట్ దగ్గర చలి ఉన్న రోజుల్లో 5 డిగ్రీలకు మించి తగ్గించకండి. పాత ఇళ్ళలో వేడినీటి పైపులు బయటి గోడల్లోంచే వెళ్తాయి. థర్మోస్టాట్ బాగా తగ్గిస్తే గంటల తరబడి పైపుల్లో నీరు కదలదు, కదలని నీరే గడ్డకడుతుంది. ఎవరూ పడుకోని గది జోన్‌ను (విడి థర్మోస్టాట్ ఉన్న భాగాన్ని) కూడా 55 కంటే దింపకండి.

హాల్లో కట్టెల పొయ్యి, ఎలక్ట్రిక్ హీటరు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు. థర్మోస్టాట్ ఆ హాల్లోనే ఉంటే ఇల్లంతా వెచ్చగా ఉందని మోసపోయి బర్నరును పిలవదు. అవతలి బాత్‌రూమ్ పైపు పగిలేది అప్పుడే.

వేడినీటి బాయిలర్ గేజి చల్లగా ఉన్నప్పుడు దాదాపు 12 పీఎస్‌ఐ, వేడిగా ఉన్నప్పుడు 25 లోపు ఉండాలి. వేడెక్కగానే 30కి చేరి ఒత్తిడి వదిలే రిలీఫ్ వాల్వు కారుతుంటే, వేడికి పెరిగే నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పోయినట్టే లెక్క. రేడియేటరు కింద వేడిగా, పైన చల్లగా ఉంటే అందులో గాలి చేరింది. కింద గిన్నె పెట్టి, రేడియేటరు తాళంచెవితో దాని గాలి వాల్వు పావు చుట్టు తిప్పి, నీళ్ళు రాగానే బిగించండి.

స్టీమ్ బాయిలరుకు గాజు గొట్టంలో నీళ్ళు సగానికి పైన ఉండాలి. నీళ్ళు తగ్గితే బర్నరును ఆపే లో-వాటర్ కటాఫ్ ఫ్లోట్ రకందైతే వారానికోసారి కింది వాల్వు తెరిచి తుప్పునీరు తేటబడేదాకా బక్కెట్లోకి వదలండి. అలా వదిలేటప్పుడు బర్నరు దానంతటదే ఆగాలి. ఆగలేదంటే యంత్రం వెంటనే ఆపి టెక్నీషియన్‌ను పిలవండి, నీళ్ళు లేకుండా మండిన బాయిలర్ పగిలిపోతుంది.

7. వేడి ఆగిపోతే, ఈ వరుసలో

1. థర్మోస్టాట్ బ్యాటరీలు చూడండి, 5 డిగ్రీలు పెంచండి.
2. రెండు ఎర్ర స్విచ్చిలూ, ప్యానెల్లో బ్రేకరూ చూడండి. ఫర్నేస్ అయితే తలుపు సరిగా మూసుకుందా చూడండి. ఆ తలుపుకు స్విచ్చి ఉంటుంది.
3. ట్యాంకు గేజి, షటాఫ్ వాల్వు చూడండి.
4. ఎర్ర రీసెట్ బటను ఒక్కసారి నొక్కి వదలండి. ఒక్కసారే.
5. మండి మళ్ళీ ఆగినా, అసలు మండకపోయినా స్విచ్చి ఆపి సర్వీసుకు ఫోన్ చేయండి.

ఒక్కసారే ఎందుకో లెక్క చూడండి. గంటకు ఒక గ్యాలను చల్లే నాజిల్ 45 సెకన్ల ప్రయత్నంలో దాదాపు 47 మిల్లీలీటర్లు లోపలికి చల్లుతుంది. మంట అంటుకోకపోతే అదంతా యంత్రంలో మంట మండే గదిలోనే నిలుస్తుంది. ఐదుసార్లు నొక్కితే పావు లీటరుకు దగ్గర. ఆరోసారి నిప్పురవ్వ పడిందా, అదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. పొగ గొట్టం ఊడిపోతుంది, ఇల్లంతా మసి కమ్ముతుంది, మంటలు కూడా లేవొచ్చు. చలికి వణుకుతూ ఆ బటను మీద వేలు పెట్టిన ప్రతివాళ్ళకూ ఇది గుర్తుండాలి.

8. ఆయిల్ పూర్తిగా అయిపోతే: డీజిల్ పోసి గాలి తీయడం

హీటింగ్ ఆయిల్, బంకులో డీజిల్ దాదాపు ఒకటే. ట్రక్కు వచ్చేదాకా 5 గ్యాలన్ల డీజిల్‌తో నెట్టుకురావచ్చు. పసుపు క్యాన్ డీజిల్‌కు, నీలం కిరోసిన్‌కు, ఎరుపు పెట్రోలుకు. ఎర్ర క్యాన్ ఈ పనికి ముట్టుకోకండి. కాసింత పెట్రోలు కలిసినా పేలుడు ప్రమాదమే.

గొట్టంలో చేరిన గాలి తీయడానికి కావలసినవి: మీ పంపు బ్లీడరుకు సరిపోయే రెంచి (ఎక్కువగా 3/8 అంగుళం), పావు అంగుళం పారదర్శక గొట్టం, ఖాళీ ప్లాస్టిక్ సీసా, పాత గుడ్డలు, చేతి తొడుగులు.

1. బర్నరు స్విచ్చి ఆపి, బయటి ఫిల్ పైపులో డీజిల్ పోయండి. 15 నిమిషాలు ఆగండి.
2. గొట్టం ఒక కొస బ్లీడరుకు తొడిగి, రెండో కొస సీసాలో పెట్టండి.
3. థర్మోస్టాట్ పెంచి, బ్లీడరును అర చుట్టు వదులు చేసి, స్విచ్చి వేయండి. బర్నరు ఆగి ఉంటే రీసెట్ నొక్కండి.
4. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగల్లేని గట్టి ధార వచ్చాక మరో 15 సెకన్లు వదిలి, మోటారు తిరుగుతుండగానే బ్లీడరు బిగించండి. మంట అంటుకుంటుంది.

ధార రాకముందే కంట్రోల్ ఆగిపోతే మళ్ళీ రీసెట్ నొక్కొచ్చు. ఒక్కసారే అన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు: బ్లీడరు తెరిచి ఉన్నంతసేపు పంపులో ఒత్తిడి పెరగదు, ఆయిల్ నాజిల్‌కు వెళ్ళకుండా సీసాలోకే వస్తుంది. కొత్త కంట్రోళ్ళు వరసగా మూడుసార్లు విఫలమైతే తాళం పడిపోతాయి. దాన్ని తీసే పద్ధతి, పంపు నింపే ప్రైమింగ్ పద్ధతి మీ మోడల్ మాన్యువల్లో ఉంటాయి. చలికాలం ముందే ఆ పేజీ ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి.

బ్లీడరు బిగించాక మంట రాకపోతే అక్కడితో ఆపండి. ట్యాంకుకూ బర్నరుకూ మధ్య రెండు గొట్టాలున్న వ్యవస్థలో గాలి దానంతటదే తిరిగి ట్యాంకులోకి పోతుంది కాబట్టి ఈ తంతు సాధారణంగా అక్కర్లేదు.

9. వేడి ఇంట్లోనే నిలిచేలా

పాత ఇళ్ళలో కిటికీలకంటే ఎక్కువ వేడి అటకమీది మూతలోంచి, చిమ్నీ చుట్టూ ఉన్న సందుల్లోంచి, పునాది మీద చెక్క దూలం ఆనే చోటునుంచి పోతుంది. ముందు ఈ మూడూ మూయండి, తర్వాతే కిటికీల జోలికి వెళ్ళండి. చిమ్నీ చుట్టూ మాత్రం ఫోమ్ వద్దు. రేకు, మంటకు తట్టుకునే సీలెంటు వాడాలి.

పాత పైపుల చుట్టూ తెల్లటి గట్టి పూత కనబడితే గీకకండి, అది ఆస్‌బెస్టాస్ కావొచ్చు. అటకలో పింగాణీ గుబ్బల మీదుగా వెళ్ళే పాత వైర్లుంటే ఎలక్ట్రీషియన్ చూడకుండా ఇన్సులేషన్ పరచకండి.

మన వంటిళ్ళకు వర్తించే మాట ఒకటుంది. తాలింపు ఘాటు పోవడానికి పెద్ద ఎగ్జాస్ట్ హుడ్ పెట్టించుకుంటాం. సందులన్నీ మూసేసిన ఇంట్లో అది గాలిని లాగేస్తే, బర్నరు పొగ చిమ్నీలోంచి పైకి పోకుండా బేస్‌మెంట్లోకి వెనక్కి రావొచ్చు. సర్వీసు రోజున హుడ్, డ్రయ్యరు, బాత్‌రూమ్ ఫ్యాన్లు అన్నీ వేసి డ్రాఫ్ట్ కొలవమనండి. సరిపోకపోతే బర్నరుకు బయటి గాలి విడిగా ఏర్పాటు చేయించాలి.

బర్నరు చుట్టూ మూడడుగుల మేర బియ్యం బస్తాలు, అట్టపెట్టెలు, రంగు డబ్బాలు ఏవీ ఉంచకండి.

10. సంక్రాంతికి ఇండియా వెళ్తుంటే

నాలుగు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్ళడం ఆయిల్ ఇంటికి అన్నిటికంటే పెద్ద పరీక్ష. చాలా ఇన్సూరెన్సు పాలసీల్లో ఖాళీ ఇంట్లో పైపులు పగిలితే, వేడి ఉంచామనో నీళ్ళు ఆపి పైపులు ఖాళీ చేశామనో చూపించాలి.

- వెళ్ళే వారంలోనే ట్యాంకు నింపించి, రసీదు దాచండి
- థర్మోస్టాట్ 58–60 దగ్గర ఉంచి, కొత్త బ్యాటరీలు వేయండి
- వంటింటి, బాత్‌రూమ్ సింకుల కింద తలుపులు తెరిచి ఉంచండి
- ఇంటికి నీళ్ళిచ్చే మెయిన్ వాల్వు కట్టేయండి. అయితే బాయిలరుకు నీళ్ళు వెళ్ళే గొట్టం ఆ వాల్వుకు ముందు విడిపోతోందో తర్వాతో చూసుకోండి, స్టీమ్ బాయిలరుకు నీళ్ళు ఆపకూడదు
- ఇంటి ఉష్ణోగ్రత పడిపోతే ఫోనుకు కబురు పంపే సెన్సరు పెట్టండి
- దగ్గర్లో ఉన్నవాళ్ళకు తాళంచెవి, ఆయిల్ కంపెనీ నంబరు, మీ ఖాతా వివరాలు ఇచ్చి, రెండు రోజులకోసారి గేజి, థర్మోస్టాట్ ఫొటో పంపమనండి
- రీసెట్ బటను సంగతి వాళ్ళకు నోటితో చెప్పి, బర్నరు మీద కాగితం కూడా అంటించి వెళ్ళండి: "ఒక్కసారే నొక్కండి, తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేయండి"